రోలరక్క ఒప్పించిన రోజు

ఆస్పత్రి వెనకవైపు, వంటశాల దాటాక, పొడుగాటి రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అది లాండ్రీ. వార్డుల నుంచి వచ్చే పక్కగుడ్డలు, ఆపరేషన్ గదుల ఆకుపచ్చ బట్టలు, పసిపిల్లల పొత్తిగుడ్డలు అన్నీ అక్కడికే చేరేవి. ఒక మూల బాయిలరు బుసలు కొడుతుండేది. ఇంకో మూల రెండు వేడి ఇనుప గొట్టాల మధ్య తడి దుప్పటి అంచు అందిస్తే, అవతలివైపు ముడత లేకుండా పొడిగా బయటికి వచ్చే యంత్రం ఉండేది. దాన్ని రోలరు అనేవారు. పెళ్ళయిన కొత్తలో దాని ముందు నిలబడి, జుట్టు నెరిసేదాకా అక్కడే నిలబడిన మనిషిని రోలరక్క అనేవారు. ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

రోలరక్క నోట్లో నాలుక లేని మనిషి. యంత్రాల హోరులో మాట వినపడదు గనక అక్కడ అందరూ సగం మాటలు చేతులతోనే చెప్పుకునేవారు. ఆమెకి ఆ సగం సరిపోయేది. మాట్లాడే పని ఇంట్లో మొగుడి వంతు. ఊళ్ళో ఆయన్ని మైకు అనేవారు. ఆటో మీద గొట్టాల స్పీకర్లు కట్టుకుని వీధి వీధీ తిరుగుతూ ప్రకటనలు చెప్పడం ఆయన వృత్తి. బట్టల దుకాణం తగ్గింపు ధరలు, తప్పిపోయిన ముసలాయన ఆనవాళ్ళు, నీళ్ళు రాని రోజులు, ఎన్నికల సభలు, ఏదైనా ఆ గొంతులోంచే రావాలి. ఒకే ఎన్నికల్లో పొద్దున ఒక పార్టీకీ సాయంత్రం దాని ఎదుటి పార్టీకీ చెప్పిన ఘనుడు. "ఇంతకీ ఓటెవరికేశావు మైకూ?" అని అడిగితే, "గొంతు ఇద్దరికీ అద్దెకిచ్చా, వేలు మాత్రం ఇంట్లోనే ఉంచుకున్నా" అనేవాడు.

ఆయన రోలరక్కకి మేనమామ కొడుకు. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేది. పిల్లలు లేరు. ఆయన మాటలతోనే ఇల్లు నిండి ఉండేది. ఒక ఏడాది ఆయన గొంతు బొంగురుపోయింది. చుట్టలు మానెయ్యమన్నారు, మానేశాడు. అయినా తగ్గలేదు. చివరికి పరీక్షలు చేసి, లోపల పుండుందని చెప్పి, గొంతు సగం కోసి తీసేశారు. మిగిలింది గుసగుస. నోటి దగ్గర చెవి పెట్టి వింటేనే తెలిసే మాట. ఆటో ఎవరికో అమ్మేశాడు. స్పీకర్లు కొనేవాళ్ళు లేక మంచం కిందికి తోశాడు.

ఆ తర్వాతి చలికాలంలో ఆస్పత్రి కమిటీవాళ్ళు లాండ్రీ మూసెయ్యాలనుకుంటున్నారని కబురు తెలిసింది. బట్టలు బయట కాంట్రాక్టరుకి ఇస్తారట. యంత్రాలు పాతబడ్డాయట. కానీ నిబంధన ప్రకారం ముందు పనివాళ్ళ తరఫున ఒకరి మాట వినాలట. సూపరింటెండెంటు షెడ్డుకి వచ్చి ఆ మాట చెప్పి, "ఎవరొస్తారో మీరే తేల్చుకోండి" అని వెళ్ళిపోయాడు.

బట్టలు ఏరే చోట పనిచేసే ఒకావిడ ఉండేది. నిద్రలో కూడా మాట్లాడుతుందని ఆమెకి గలగల అని పేరు. నేను పోతానంది. బాయిలరు చూసే ముసలాయన, అందరూ తాతా అని పిలిచేవాడు, తల అడ్డంగా ఊపాడు. "నిన్ను పంపితే తగువొస్తుంది. నన్ను పంపితే దగ్గొస్తుంది. ఎవరితోనూ ఎన్నడూ మాట పడని మనిషి పోవాలి" అని రోలరక్క వైపు చూశాడు. అందరూ అటే చూశారు. ఆమె చేతిలో దుప్పటి జారింది.

ఇంటికెళ్ళి మొగుడికి చెప్పి ఏడ్చింది. "నాకు నాలుగు మాటలు వరసగా రావు బావా. అందరిలో నీళ్ళు నములుతా."

ఆయన దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఆమె చెవి వంచింది. "నాకు మాటలున్నాయి. గొంతు లేదు. నీకు గొంతుంది. సరిపోయింది కదా" అన్నాడు.

గొంతు పోయిన తర్వాత ఆయన నవ్వడం ఆమె అప్పుడే చూసింది.

ఆమె డ్యూటీ దిగాక, సాయంత్రం ఎండలో, మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన పాఠం సాగేది. మొదటిరోజు ఆమె చెప్పదలుచుకున్నదంతా చెప్పమన్నాడు. ఎంత కష్టపడ్డారో, ఎవరికి చేతులు కాలాయో, ఎవరికి నడుం పడిపోయిందో, ఎవరి మొగుడు వదిలేశాడో అన్నీ చెప్పింది. చెప్తుంటే తనకే ఏడుపొచ్చింది. ఆయన చప్పట్లు కొట్టి ఆపాడు.

"ఇదంతా విని వాళ్ళు ఏం చెయ్యాలి?"

"జాలిపడాలి."

"పడతారు. పడి టీ తాగి వెళ్ళిపోతారు. కుర్చీలోంచి లేచేటప్పటికి వాళ్ళ చేత ఏం చేయించాలి నువ్వు? అది తేలకుండా నోరు తెరవకూడదు. కేకలెయ్యడం వేరు, ఒప్పించడం వేరు. కేకలేసినవాడికి ఆయాసం, విన్నవాడికి కాలక్షేపం."

"లాండ్రీ ఉంచాలి" అంది.

"పెద్దది. ఒక్కసారి మింగుడుపడదు. ఒక ఏడాది ఉంచి చూడమను. ఒక ఏడాదికి ఒప్పుకోవడం వాళ్ళకి ఓడినట్టు ఉండదు."

ఇంకోరోజు, కమిటీలో ఎవరెవరుంటారని అడిగాడు. ఆమె కనుక్కుని చెప్పింది. ఒక వ్యాపారి, ఒక రిటైరయిన జడ్జీ, ఇద్దరు డాక్టర్లు, ఒక పెద్దింటావిడ. "వాళ్ళు దేనికి భయపడతారు?" అన్నాడు. అంత పెద్దవాళ్ళకి భయమేమిటని ఆమెకి వింతగా తోచింది. "భయం లేని మనిషిని నేను చూళ్ళేదు పిల్లా. బట్టల దుకాణం ప్రకటనైనా నేను చవక అని మొదలుపెట్టేవాణ్ణి కాదు. 'రేపటికి ఉండవు' అని మొదలెట్టేవాణ్ణి. నీ భయం వాళ్ళకక్కర్లేదు. వాళ్ళ భయంలోంచి నీ మాట నడవాలి. ఆస్పత్రికి చెడ్డపేరొస్తుందంటే డాక్టరు వింటాడు. కేసవుతుందంటే జడ్జీ వింటాడు."

అప్పుడామెకి సూది గుర్తొచ్చింది. ఆపరేషన్ గది నుంచి వచ్చే బట్టల్లో సూదులు, బ్లేడు ముక్కలు వస్తుంటాయి. ఏరేవాళ్ళు చేత్తో తడిమి తీస్తారు. ఒకసారి గలగల చేతికి సూది దిగింది. రోగం అంటిందేమోనని నెలల తరబడి పరీక్షలు చేశారు. గలగల మాట్లాడకుండా ఉన్నది ఆ రోజుల్లోనే.

మైకు కళ్ళు మెరిశాయి. "అదొక్కటి చాలు. మిగతావన్నీ వదిలెయ్. పది బాధలు చెప్తే ఒక్కటీ నిలవదు. ఆటో ఒక ఇల్లు దాటేలోపల ఒక ముక్కే చెవిలో పడుతుంది, ఆ ముక్క ఏదో నువ్వే ఎంచుకోవాలి."

"యంత్రాలు పాతవన్న మాట అడిగితే?"

"వాళ్ళు అడక్కముందే నువ్వే ఒప్పుకో. అవునండీ, పాతవే అను. ఎదుటివాడి చేతిలో రాయి ముందే తీసుకుంటే, వాడు ఇంక చెయ్యి జేబులో పెట్టుకోవాల్సిందే."

ఎక్కడ ఆగాలో, ఎవరి మొహం చూడాలో, గొంతు ఎప్పుడు దించాలో అన్నీ చెప్పాడు. బట్టీ పట్టొద్దన్నాడు. "బట్టీ పట్టిన మాట మరిచిపోతే మనిషే పడిపోతాడు. దారి గుర్తుపెట్టుకో, అడుగులు అవే పడతాయి." షెడ్డులో రోలరు ముందు నిలబడి, ఆ హోరులో, ఎవరికీ వినపడదన్న ధైర్యంతో ఆమె గట్టిగా చెప్పుకునేది. అవతలివైపు దుప్పటి అందుకునే ఆవిడ "అక్కకి గాలి సోకిందే" అని నవ్వేది.

అనుకున్న రోజు రానే వచ్చింది. గాజుపలక వేసిన పొడుగాటి బల్ల. అయిదు కుర్చీలు. ఆమె నిలబడింది.

"అయ్యా, అమ్మా. మా యంత్రాలు పాతవేనండి. ఆ మాట నిజం. బయటివాళ్ళ యంత్రాలు కొత్తవి. కాని యంత్రానికి సూది కనపడదండి. మా చేతులకి కనపడుతుంది. మా చేతికి దిగిన సూది మీ రోగికి దిగదు."

అక్కడ ఆగింది. పెద్దింటావిడ తన చేతివేళ్ళు చూసుకుంది. తర్వాత రోలరక్క గలగల సంగతి చెప్పింది. కాంట్రాక్టరు దగ్గర హోటళ్ళ బట్టలూ ఆస్పత్రి బట్టలూ ఒకే తొట్టిలో పడితే ఏమవుతుందో చెప్పింది. చివరికి, "ఒక్క ఏడాది ఉంచి చూడండి. తప్పనిపిస్తే మేమే తాళం వేసి మీ చేతికిస్తాం" అంది.

జడ్జీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒక డాక్టరు చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్ళూ కొట్టారు. "ఇంత చక్కగా మాట్లాడినవాళ్ళని నేను ఈ గదిలో చూడలేదు" అన్నాడు వ్యాపారి. ఆమెకి టీ ఇప్పించారు.

ఆ వారంలోనే నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. లాండ్రీ మూసేస్తున్నారు.

షెడ్డులో అందరూ పని ఆపి యంత్రాల మధ్య కూర్చున్నారు. ఆస్పత్రివాళ్ళు లేవమన్నా లేవలేదు. తాత బాయిలరు ఆర్పేసి, దాని తలుపుకి వీపు ఆనించుకుని కూర్చున్నాడు. ఇంటికెళ్ళేవాళ్ళు వెళ్తున్నారు, వచ్చేవాళ్ళు వస్తున్నారు, చోటు మాత్రం ఖాళీ కావడం లేదు. పక్కన వంటశాలకీ అదే నోటీసు వచ్చింది. వాళ్ళూ పొయ్యిల ముందు అలాగే కూర్చున్నారు.

సూపరింటెండెంటు రోలరక్కని తన గదికి పిలిపించి కుర్చీ చూపించాడు. ఆ గదిలో ఆమెకెవరూ ఎప్పుడూ కుర్చీ చూపించలేదు.

"మీకు అబద్ధం చెప్పను. ఆ నిర్ణయం మీరు రాకముందే అయిపోయింది. వినాలన్నది నిబంధన, విన్నారు" అన్నాడు.

"మరి చప్పట్లు కొట్టారు కదండీ."

"బాగా మాట్లాడారు, కొట్టారు."

ఆయన ముందుకి వంగాడు. కాంట్రాక్టరు అందర్నీ తన దగ్గర పనిలోకి తీసుకుంటానన్నాడని, కాని శనివారంలోపు మూసివేతకి ఒప్పుకున్నట్టు సంతకాలు పెట్టి షెడ్డు ఖాళీ చేస్తేనేనని, లేకపోతే పోలీసులొస్తారని చెప్పాడు. "ముసలాయన్ని ఈడ్చుకెళ్తుంటే చూడగలరా? వాళ్ళు మా మాట వినరు. మీ మాటయితే వింటారు."

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"కాంట్రాక్టరు ఆ మాట నీతో అన్నాడా?"

"సూపరింటెండెంటు చెప్పాడు."

"కాంట్రాక్టరు నీతో అన్నాడా?"

"అనలేదు."

"అయితే ఆ మాట నువ్వు మొయ్యకు."

"పోలీసులొచ్చి తాతని ఈడిస్తే నువ్వు ఆపుతావా? నువ్వు మాత్రం ఏం చూసి చెప్పావు బావా జీవితమంతా? ఆ సబ్బుతో మరకలు పోతాయని చూశావా? ఆ పార్టీవాళ్ళు నీళ్ళిస్తారని చూశావా?"

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. "నాది అద్దె గొంతని ఊరందరికీ తెలుసు. ఎవరూ నమ్మి వినలేదు. నిన్ను నమ్ముతారే. అదీ నా భయం."

ఆమె చెయ్యి విడిపించుకుంది. భయం ఒకవైపు, తాత మీద జాలి ఒకవైపు. వాటి వెనక, తనకి తానే చెప్పుకోని ఆశ ఇంకొకటుంది. అంత కష్టపడి నేర్చుకున్న మాట గాజుబల్ల మీద ఒలికిపోయింది. తన మాటకి మనుషులు కదలడం ఒక్కసారి చూడాలని ఉంది.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో ఆమె ఒక ట్రాలీ బోర్లించి దానిమీద నిలబడింది. యంత్రాలు చల్లబడి ఉన్నాయి గనక గొంతు పెంచనక్కర్లేదు. ఈసారి ఎవరూ ఏమీ నేర్పలేదు. దారి తెలిసిన కాళ్ళలాగా నాలుకే నడిచింది.

"మీకు కోపంగా ఉంది. నాకూ ఉంది. రోలరక్క అమ్ముడుపోయిందని కొందరు అనుకుంటున్నారు. అనుకోండి. నేనైనా అలాగే అనుకునేదాన్ని" అని మొదలుపెట్టింది. ఎదుటివాళ్ళ చేతిలో రాయి ముందే తీసుకుంది. తర్వాత ఒక్కసారి తాత వైపు చూసి ఆగింది. అందరూ అటే చూశారు. "ఈ వయసులో తాతని చొక్కా పట్టుకుని ఈడిస్తే, ఆ తర్వాత మనం గెలిచినా ఏం గెలిచినట్టు? యంత్రం ఎవరిదైతేనేం, చేతులు మనవి. చేతులెక్కడికి పోతే పని అక్కడికి వస్తుంది. అక్కడా కలిసే ఉంటాం."

ఎవరో ముక్కు చీదారు. ఎప్పుడూ ఎదుటివాళ్ళ మాట పూర్తి కానివ్వని గలగల చివరిదాకా విని, ఒక్కటే అడిగింది.

"నువ్వు నమ్ముతున్నావా అక్కా?"

"నమ్ముతున్నా" అంది రోలరక్క. ఆ క్షణంలో నమ్మింది కూడా.

మొదట దుప్పట్లు అందుకునే ఆవిడ లేచింది. తర్వాత ఏరే చోటు వాళ్ళు లేచారు. తాత బాయిలరు తలుపు మీద చెయ్యి ఆన్చి కష్టంగా లేచాడు. ఒక్కొక్కరే తమ కాళ్ళ మీద తాము నడుచుకుంటూ, సంతకం పెట్టి బయటికి వెళ్ళిపోయారు. ట్రాలీ మీద నిలబడి చూస్తుంటే ఆమె ఒళ్ళు పులకరించింది. జీవితంలో అంత సంతోషం ఆమె ఎరగదు. తర్వాత ఎన్ని చెప్పుకున్నా, ఆ సంతోషం సంగతి మాత్రం మొగుడికి కూడా చెప్పలేదు.

కాంట్రాక్టరు పడుచువాళ్ళని కొందర్ని తీసుకున్నాడు. ఊరి చివర, బస్సు వెళ్ళని చోట. కొన్నాళ్ళకి వాళ్ళనీ రావద్దన్నాడు. మిగతావాళ్ళు గేటు దగ్గరికి వెళ్తే, అందర్నీ తీసుకుంటానని తానెప్పుడూ అనలేదన్నాడు. రోలరక్క సూపరింటెండెంటు దగ్గరికి పరుగెత్తింది. ఆయనకి వేరే ఊరు బదిలీ అయింది. ఆ కుర్చీలో ఉన్న కొత్తాయన, "ఆ మాట మీకెవరు చెప్పారు?" అని మర్యాదగానే అడిగాడు. తర్వాత, "మరి వాళ్ళకెవరు చెప్పారు?" అన్నాడు. ఆమె బయటికి వచ్చేసింది.

తిరిగి వచ్చేటప్పుడు వంటశాల గొట్టంలోంచి పొగ కనిపించింది. గుమ్మంలో గిన్నెలు తోముతున్న వంటావిడని అడిగింది. "మేం లేవలేదు కదమ్మా. వస్తారు వస్తారు అన్నారు, ఏ పోలీసూ రాలేదు. ఈడిస్తే పత్రికలవాళ్ళు రాస్తారని భయమట. నెల తిరక్కుండా ఉండండిలే అన్నారు" అంది ఆవిడ. తర్వాత జాలిగా, "మాకు నీలాగా మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు మరి" అంది. ఎత్తిపొడుపు కాదు. మెచ్చుకోలు.

తాత కూతురింట్లో చేరాడు. రోలరక్క ఒకసారి చూడ్డానికి వెళ్ళింది. తిట్టించుకుందామనే వెళ్ళింది. ఆయన తిట్టలేదు. కూర్చోబెట్టి, "బాగా చెప్పావమ్మా. నా గురించి చెప్పినప్పుడు కళ్ళనీళ్ళొచ్చాయి" అన్నాడు. "ఈడ్చినా బాగుండేదేమో. ఇక్కడ కూర్చుంటే ఏమీ తోచదు." ఆమె కాళ్ళ మీద పడబోతే, "ఛ, ఏం పని ఇది" అని దగ్గుతూ లోపలికి వెళ్ళాడు.

గలగల దారిలో ఎదురైతే తల పక్కకి తిప్పుకునేది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఒక్కసారి దాటిన ఆ మాట ఎన్ని ఇళ్ళ గుమ్మాలు దాటిందో, ఎన్ని పొయ్యిల మీద నీళ్ళు పోసిందో రోలరక్కకి రోజుకొకటి తెలిసేది.

ఎండాకాలంలో కాంట్రాక్టరు మనిషి ఇంటికొచ్చాడు. ఇంకో రెండు ఆస్పత్రుల్లో లాండ్రీలు మూయిస్తున్నారట. పనివాళ్ళతో మాట్లాడే మనిషి కావాలట. "నడుం వంచే పని కాదమ్మా, మాట చెప్పే పనే. మీరు చెప్తే వింటారని మా అయ్యగారు అన్నారు." మంచం మీద మైకు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అప్పటికి పుండు మళ్ళీ లేచింది. గుసగుస కూడా సరిగ్గా రావడం లేదు. మందులు కావాలి. ఆమె వచ్చినాయన మొహంలోకి చూసింది. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో తనకే నమ్మకం లేక, తల అడ్డంగా ఊపి తలుపు వేసేసింది. వద్దన్నందుకు మనసేమీ తేలిక పడలేదు.

వానలు మొదలయ్యేసరికి మైకు పోయాడు. పోయేముందు ఏదో చెప్పబోయాడు. ఆమె చెవి ఆయన పెదవుల మీద ఆన్చి ఉంచింది. ఊపిరి తగిలింది గాని మాట అందలేదు.

ఇప్పుడామె ఒక హోటలు వెనక బట్టలుతికే గదిలో పనిచేస్తోంది. అక్కడ ఎవరికీ ఆమె సంగతి తెలియదు. మూగదేమోనని కొత్తగా చేరినవాళ్ళు అనుకుంటారు. ఆమధ్య సెలవురోజుల్లో కూడా రమ్మన్నారని పనివాళ్ళంతా తొట్టి చుట్టూ చేరి గొణుక్కున్నారు. ఎవరో ఒకరు లోపలికెళ్ళి మేనేజరుతో చెప్పాలన్నారు. నువ్వెళ్ళంటే నువ్వెళ్ళనుకున్నారు. అందర్లోకి పెద్దదని ఒకావిడ రోలరక్క భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పరాదూ పిన్నీ" అంది.

రోలరక్క కొళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఇంకేమీ వినిపించలేదు. కాసేపు చూసి ఎవరి పనిలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆదివారం అందరూ పనికి వచ్చారు.